ఆపిన పంపును మళ్లీ తిప్పేదెవరు?

చేపలకు మేత వేసేటప్పుడు ఫిల్టర్ పంపు ఆపడం చాలా ఇళ్లలో అలవాటు. ఆపకపోతే గుళికలు ప్రవాహంలో పడి స్పాంజిలోకి చేరతాయి, చేపల నోటికి అందేది కొంతే. ఒక చెయ్యి స్విచ్ బోర్డు మీదికి వెళ్తుంది, ఇంకో చెయ్యి మేత డబ్బా మూత తీస్తుంది. పది నిమిషాల తర్వాత మళ్లీ వచ్చి స్విచ్ వేయాలి. ఈలోగా ఫోన్ మోగుతుంది, పాలు పొంగుతాయి, బడి బస్సు హారన్ కొడుతుంది. పంపు సంగతి సాయంత్రానికి గుర్తొస్తుంది. అప్పటికి గోల్డ్‌ఫిష్‌లు నీటి పైకి చేరి నోళ్లు తెరుస్తూ మూస్తూ ఉంటాయి.

సొంతంగా సర్క్యూట్ కట్టుకోవాలన్న ఆలోచన చాలామందికి ఇలాంటి సాయంత్రమే పుడుతుంది. గత యాభై ఏళ్లలో ఆ ఆలోచన చాలా రూపాలు ఎత్తింది. మొదట 555 చిప్పు, తర్వాత లెక్కపెట్టే ఐసీలు, ఆపైన ఆర్డుయినో, ఇప్పుడు వైఫై బోర్డు. ఒక్కో తరం తన ముందు తరంకంటే సమయాన్ని కచ్చితంగా పాటిస్తానని చెప్పుకుంది. ఆ మాట నిజమే. అయితే చేపల తొట్టి దగ్గర నాలుగు నిమిషాలు అటూ ఇటూ అయితే కొంప మునగదు. సర్క్యూట్ మొరాయించినప్పుడు, కరెంటు పోయి వచ్చినప్పుడు పంపు తిరుగుతూ ఉంటుందా, ఆగిపోయి ఉంటుందా అన్నదే అక్కడ ప్రాణాల లెక్క. ఈ నాలుగు తరాలనూ ఆ గీటురాయి మీద పెట్టి చూస్తే ఫలితం కొంచెం వింతగా ఉంటుంది.

ఏ పంపును ఆపవచ్చు?

అన్ని పంపులూ ఒకటి కావు. ఫిల్టర్ పంపు పని నీటిని వడకట్టడంతో అయిపోదు. స్పాంజిలో, సిరామిక్ ముక్కల మీద కాపురముండే బ్యాక్టీరియా చేపల విసర్జనలోని అమ్మోనియాను నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మారుస్తుంది. ఆ పనికి ఆక్సిజన్ కావాలి. నీరు కదలకపోతే ఫిల్టర్ డబ్బాలో ఉన్న కాస్త ఆక్సిజన్ అయిపోతుంది. మూత బిగించిన క్యానిస్టర్ ఫిల్టర్లలో ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. కరెంటు బిల్లు తగ్గుతుందని గంట నడిపి గంట ఆపే టైమర్ పెడితే మిగిలేది చాలా తక్కువ. అయిదు వాట్ల పంపు రోజంతా తిరిగినా 0.12 యూనిట్లే. అందుకని ఫిల్టర్ పంపుకు పనికొచ్చే టైమర్ ఒక్కటే: మేత వేళ పది నిమిషాలు ఆపి, తనంతట తానే మళ్లీ నడిపేది.

గాలి పంపు కథ వేరు. మొక్కలు నిండుగా ఉండే తొట్టిలో పగలు లైటు వెలుగులో మొక్కలే ఆక్సిజన్ ఇస్తాయి, రాత్రి అవే పీల్చుకుంటాయి. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ పెట్టుకున్నవాళ్లకు పగలు బుడగలు పెడితే ఆ వాయువు వృథాగా పోతుంది. అందుకే లైటు ఆరగానే గాలి పంపు మొదలయ్యేలా, లైటు వెలగగానే ఆగేలా టైమర్ పెడతారు. భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల మీద రాత్రుళ్లు ఏరేటర్లు హోరెత్తడానికి కారణం కూడా ఇదే సూత్రం. చెరువులోని ఆకుపచ్చ నాచు పగలంతా ఆక్సిజన్ ఇచ్చి, చీకటి పడ్డాక తీసుకుంటుంది. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ అడుగంటుతుంది.

వేసవిలో లెక్క ఇంకా బిగుస్తుంది. 25 డిగ్రీల మంచినీరు లీటరుకు సుమారు 8.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలదు. 30 డిగ్రీలకు అది 7.6 దగ్గరికి దిగుతుంది. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఏసీ లేని హాల్లో ఉన్న తొట్టి 30 డిగ్రీలు దాటడానికి పెద్దగా సమయం పట్టదు. డిసెంబరులో నిరపాయంగా గడిచిన రెండు గంటల విరామం మేలో చేపలను చంపవచ్చు.

సముద్రపు తొట్టిలో పగడాలు పెంచేవాళ్లకు అలలు కావాలి. రెండు పంపులను ఎదురెదురుగా పెట్టి ఒకదాని తర్వాత ఒకటి తిప్పుతారు. చేపల నీటితో మొక్కలు పెంచే ఆక్వాపోనిక్స్‌లో గంటకు పదిహేను నిమిషాలు పంపు నడిపి కంకర మడిని తడిపి, తక్కిన సేపు నీటిని దిగనిస్తారు. ఆవిరైన నీటిని నింపే పంపు, మందు చుక్కలు వేసే డోసింగ్ పంపు ఇంకో జాతి. వీటిని నడిపించడంకంటే ఆపడమే ముఖ్యం. నిమిషానికి 40 మిల్లీలీటర్లు పోసే డోసింగ్ పంపుకు రెండు మిల్లీలీటర్ల మందు అంటే మూడు సెకన్ల పని. పంపును నడిపి ఆపే స్విచ్చు, అంటే రిలే, అతుక్కుపోతే సీసా మొత్తం తొట్టిలోకి వెళ్తుంది.

ఇంతమంది టైమర్ల వెంట పడటానికి ఇంకో కారణం పంపు కడుపులోనే ఉంది. నీటిలో ముంచే చిన్న పంపులు ఎక్కువగా సింక్రనస్ మోటార్లు. అయస్కాంతపు రోటర్ కరెంటు ఫ్రీక్వెన్సీకి కట్టుబడి, మన 50 హెర్ట్జ్‌కు నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంది. ఫ్యాన్ రెగ్యులేటర్ తగిలిస్తే వేగం తగ్గదు. గుర్రుమంటుంది, లేదా మొత్తానికే ఆగిపోతుంది. ఇలాంటి పంపు మీద పెట్టగలిగిన అదుపు రెండే: నడపడం, ఆపడం.

కొన్న టైమర్, కట్టిన టైమర్

సర్క్యూట్ కట్టడానికి ముందు బజారులో దొరికే ప్లగ్ టైమర్‌ను దాటి రావాలి. గుండ్రటి డయల్ చుట్టూ పదిహేను నిమిషాలకొక పిన్ను చొప్పున 96 పిన్నులుంటాయి. లోపలి చిన్న మోటారు గడియారంలా డయల్‌ను తిప్పుతుంది. ఖరీదు తక్కువ, తడి చేతికి తీగలు తగలవు. లోపమల్లా కరెంటు పోగానే గడియారం కూడా ఆగిపోవడం. రోజుకు రెండు గంటల కోత ఉన్న ఊళ్లో వారం తిరిగేసరికి డయల్ 14 గంటలు వెనకబడుతుంది. పగటి లైటు అర్ధరాత్రి వెలుగుతుంది. బ్యాటరీ ఉన్న డిజిటల్ ప్లగ్ టైమర్‌కు ఈ బాధ లేదు గానీ, నిమిషంకంటే చిన్న వ్యవధి దానికి తెలియదు. అలల పంపుకు, డోసింగ్ పంపుకు అది పనికిరాదు. మేత వేళ బటన్ నొక్కితే పది నిమిషాలు ఆపి నడిపే సదుపాయమూ మామూలుగా ఉండదు. ఇంటి సర్క్యూట్‌కు చోటు మిగిలింది ఈ సందుల్లోనే.

555 ఇచ్చిన ధైర్యం, చెప్పని నిజం

స్విట్జర్లాండ్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన హాన్స్ కామెన్జిండ్ 1971లో సిగ్నెటిక్స్ కంపెనీ కోసం రూపొందించిన చిప్పు 555. మరుసటి ఏడాది బజారులోకి వచ్చింది. ఎనిమిది కాళ్లు, బయట రెండు రెసిస్టర్లు, ఒక కెపాసిటర్ ఉంటే చాలు, పని మొదలవుతుంది. 1969లో ఢిల్లీ నుంచి మొదలైన ‘ఎలక్ట్రానిక్స్ ఫర్ యు’ లాంటి పత్రికలు ఇలాంటి సర్క్యూట్లను ఇంటింటికీ చేర్చాయి. హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలోనో, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో, బెంగళూరు ఎస్పీ రోడ్డులోనో చిల్లరకు దొరికే ఆ చిప్పుతోనే ఎందరో విద్యార్థులు టంకం పట్టడం నేర్చుకున్నారు.

దాని పనితీరు చెప్పుకోవడం తేలిక. కెపాసిటర్ ఒక తొట్టి, రెసిస్టర్ దాన్ని నింపే కుళాయి. వోల్టేజీ సప్లయ్‌లో మూడింట రెండు వంతులకు చేరగానే చిప్పు దాన్ని ఖాళీ చేయడం మొదలుపెడుతుంది, మూడో వంతుకు దిగగానే మళ్లీ నింపుతుంది. నిండే సేపు అవుట్‌పుట్ ఆన్, ఖాళీ అయ్యే సేపు ఆఫ్. ఒక్కో విడత సమయం రావాలంటే రెసిస్టెన్స్‌ను కెపాసిటెన్స్‌తో హెచ్చవేసి 0.693తో గుణించాలి.

కాగితం మీద ఎంత సమయమైనా వస్తుంది, చిక్కు బోర్డు మీదే. పదిహేను నిమిషాలంటే 900 సెకన్లు. వెయ్యి మైక్రోఫారడ్ల కెపాసిటర్ తీసుకుంటే 1.3 మెగాఓమ్‌ల రెసిస్టర్ కావాలి. 12 వోల్టుల సప్లయ్‌లో కెపాసిటర్ 8 వోల్టులకు చేరబోయే వేళ ఆ రెసిస్టర్ గుండా వచ్చే కరెంటు మూడు మైక్రోఆంపియర్లే. అంత పెద్ద ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ లోలోపలే కారిపోనిచ్చే కరెంటు కూడా కొన్ని మైక్రోఆంపియర్లు ఉంటుంది. మామూలు రకాలకు తయారీదారులు పెట్టే గరిష్ఠ పరిమితి సూత్రం ప్రకారం, 16 వోల్టుల కెపాసిటర్‌కు అది 160 దాకా పోవచ్చు. అడుగున చిల్లున్న బిందెకు సన్నటి ధార పెట్టినట్టే. నిండవచ్చు, ఎప్పటికీ నిండకపోనూ వచ్చు. పదిహేను నిమిషాలకు కట్టిన సర్క్యూట్ ఇరవై రెండు నిమిషాలకు పలకడం, ఎండాకాలం వచ్చేసరికి అసలు పలకకపోవడం ఈ కారణంగానే. ఇది చాలదన్నట్టు కెపాసిటర్ విలువ కూడా ముద్రించినదానికి ఇరవై శాతం అటూ ఇటూ ఉంటుంది.

ఇందులోనే ఒక మంచి గుణం దాగి ఉంది. కరెంటు వచ్చిన క్షణాన కెపాసిటర్ ఖాళీగా ఉంటుంది కాబట్టి 555 నింపడంతోనే మొదలుపెడుతుంది. అంటే పంపు ముందు తిరుగుతుంది. అది కూడా సున్నా నుంచి నిండాలి గనక మొదటి విడత తక్కినవాటికంటే ఒకటిన్నర రెట్లు పైనే ఉంటుంది. పదిహేను నిమిషాల పంపు కోత తర్వాత దాదాపు ఇరవై నాలుగు నిమిషాలు తిరుగుతుంది. ఎవరూ ప్లాన్ చేయని ఈ తప్పు చేపలకు మేలే చేసింది.

మేత బటన్‌కైతే 555కు సాటి లేదు. ఒక్కసారి నొక్కితే ఒకే విడత నడిచే మోనోస్టేబుల్ పద్ధతిలో 470 మైక్రోఫారడ్లు, 1.2 మెగాఓమ్‌లు పెడితే సుమారు పది నిమిషాలు. అది పదకొండో పన్నెండో అయినా చేపలకు పట్టదు.

లెక్కపెట్టే చిప్పు

పెద్ద బిందెను నెమ్మదిగా నింపే బదులు చిన్న గ్లాసును వేల సార్లు నింపి లెక్కపెట్టడం సీడీ4060 తరహా. లోపల ఒక ఆసిలేటరు, దాని వెనక పద్నాలుగు మెట్ల కౌంటరు. ఒక్కో మెట్టుకు సమయం రెట్టింపవుతుంది. చివరి మెట్టు దగ్గర ఒక చుట్టుకు 16,384 స్పందనలు కావాలి. 0.1 మైక్రోఫారడ్ల ఫిల్మ్ కెపాసిటర్, 470 కిలోఓమ్‌ల రెసిస్టర్ పెడితే చివరి అవుట్‌పుట్ సుమారు పద్నాలుగు ముప్పావు నిమిషాల సేపు ఆఫ్, అంతే సేపు ఆన్. ఫిల్మ్ కెపాసిటర్‌లో కారడం లెక్కలోకి రానంత తక్కువ, ఎండకూ చలికీ పెద్దగా మారదు. ఇంకో సుఖం, సరిచూడటానికి పావుగంట కూర్చోనక్కర్లేదు. ఏడో కాలికి ఎల్‌ఈడీ తగిలిస్తే అది సుమారు 1.7 సెకన్లకు ఒకసారి మిణుకుతుంది. చేతి గడియారంతో పది మిణుకులు లెక్కపెడితే మొత్తం సమయం తెలిసిపోతుంది.

కచ్చితత్వంలో 4060 గెలిచింది. గీటురాయి మీద మాత్రం ఓడింది. రీసెట్ అయిన కౌంటరు సున్నా నుంచి మొదలవుతుంది, చివరి మెట్టు మొదట ఆఫ్‌లో ఉంటుంది. కరెంటు వచ్చిన వెంటనే పావుగంట పంపు తిరగదు. పది నిమిషాలకోసారి కరెంటు పోయి వచ్చే గాలివాన రోజున పంపు ఒక్కసారి కూడా తిరగకపోవచ్చు. దీనికి మందు చిప్పు మార్చడం కాదు, రిలేలో తీగ మార్చడం. రిలేకు మూడు కొసలుంటాయి. మధ్యది కామన్, ఒకటి కాయిల్‌కు కరెంటు ఇస్తే కలిసేది, రెండోది ఇవ్వనప్పుడు కలిసి ఉండేది. పంపును ఆ రెండోదానికి కలిపితే కౌంటరు ఆఫ్‌లో ఉన్నంత సేపూ పంపు తిరుగుతుంది. చిప్పు కాలిపోయినా, అడాప్టర్ చచ్చినా కూడా తిరుగుతూనే ఉంటుంది.

నిమిషం తెలిసిన బోర్డులు

ఇటలీలోని ఇవ్రియాలో 2005లో మొదలైన ఆర్డుయినోతో టైమర్ అంటే టంకం పని తగ్గి రాత పని పెరిగింది. ఉదయం ఎనిమిదికి ఒక లెక్క, రాత్రికి ఇంకో లెక్క, మేతకు విరామం, అన్నీ ఒకే బోర్డు మీద కుదురుతాయి. కొత్త తప్పులూ వచ్చాయి. ఆర్డుయినో యూనో బోర్డు మీది సిరామిక్ రెసొనేటర్ అర శాతం దాకా తప్పవచ్చు. వినడానికి చిన్నదే గానీ రోజుకు ఏడు నిమిషాలు. బోర్డు లోపలి మిల్లీసెకన్ల లెక్క సుమారు 49.7 రోజులకు నిండి సున్నాకు వస్తుంది. కూడికతో రాసిన ప్రోగ్రాం అక్కడ తికమకపడి పంపును ఉన్న స్థితిలోనే నెలన్నర పైన వదిలేయగలదు. అదే లెక్కను తీసివేతతో రాస్తే ఏ గొడవా లేదు. బల్ల మీద నెలరోజులు బాగా నడిచిన బోర్డు తొట్టి దగ్గర యాభయ్యో రోజున మొండికేయడం వెనక ఉన్న రహస్యం ఇదే.

గోడ గడియారం లాంటి సమయం కావాలంటే గడియారపు చిప్పు కలపాలి. డీఎస్3231 తన వేడిని తానే కొలుచుకుని క్రిస్టల్ తప్పును సరిదిద్దుకుంటుంది. సున్నా నుంచి 40 డిగ్రీల మధ్య ఏడాదికి సుమారు ఒక నిమిషం తేడా. చౌకగా దొరికే ఆ చిప్పు బోర్డుల్లో చాలావాటికి బ్యాటరీని ఛార్జ్ చేసే దారి ఉంటుంది. అందులో ఛార్జ్ చేయకూడని మామూలు సీఆర్2032 బిళ్ల పెడితే అది ఉబ్బే ప్రమాదం ఉంది. ఆ దారిలోని రెసిస్టరునో డయోడునో పీకేయడం తెలిసినవాళ్లు మొదట చేసే పని.

వైఫై ఉన్న ఈఎస్‌పీ8266 బోర్డు 2014 నుంచి ఔత్సాహికుల చేతికి వచ్చింది. అది ఇంటర్నెట్ నుంచే సమయం తెచ్చుకుంటుంది, హైదరాబాద్ తొట్టిలోని పంపును డల్లాస్‌లో ఉన్న కొడుకు ఫోన్ నుంచి నడపగలడు. కరెంటు వచ్చి రూటర్ ఇంకా లేవని కొన్ని నిమిషాలు, నెట్ రాని పూట ఆ బోర్డుకు ఎంతయిందో తెలియదు. గంట తెలియకపోతే పంపును ఏం చేయాలన్నది ప్రోగ్రాంలో మొదటి పంక్తిలోనే రాసి ఉండాలి. చాలామంది అది చివరన కూడా రాయరు.

నీరూ కరెంటూ కలిసే చోట

మెదడు ఏదైనా చివరికి 230 వోల్టులను తెంపేది, కలిపేది రిలేనే. అందరూ వాడే నీలం రిలే కాయిల్ 12 వోల్టుల వద్ద సుమారు 30 మిల్లీఆంపియర్లు తాగుతుంది. మధ్యలో బీసీ547 లాంటి ట్రాన్సిస్టర్, కాయిల్ మీద తిరగేసి ఒక డయోడు ఉండాలి. ఆ డయోడు మరిచిపోతే కాయిల్ విదిలించే వోల్టేజీకి ట్రాన్సిస్టర్ పోతుంది.

రిలేకూ ఆయుష్షు ఉంది. పూర్తి లోడు మీద మామూలుగా చెప్పే హామీ లక్ష సార్లు. అరగంటకోసారి నడిచే పంపుకు అది అయిదేళ్ల పైమాటే. ముప్పై సెకన్లకోసారి తిరిగే అలల పంపుకు రోజుకు 2,880 సార్లు, లక్ష దాటడానికి 35 రోజులు. చిన్న పంపు లోడు తక్కువ గనక ఇంకా చాలా కాలం లాగుతుంది. అయినా అలల పనికి ట్రయాక్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్చు మేలని అనుభవజ్ఞులు అనేది అందుకే. దానిదీ ఒక తిరకాసు. రక్షణకు పెట్టే 0.1 మైక్రోఫారడ్ల కెపాసిటర్ గుండా ఆఫ్‌లో ఉన్నప్పుడు కూడా ఏడు మిల్లీఆంపియర్లు కారుతుంది. మూడు వాట్ల గాలి పంపు ఆ కాస్తకే సన్నగా గునుస్తూ ఉంటుంది.

ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ఒక కెపాసిటర్‌తో నేరుగా మెయిన్స్ నుంచి తక్కువ వోల్టేజీ తీసే చవక సర్క్యూట్లు ఇంకా చేతులు మారుతున్నాయి. తొట్టి దగ్గర వాటికి చోటు లేదు. ఆ బోర్డులో ప్రతి బిందువూ మెయిన్స్‌కు తగిలి ఉన్నట్టే, తడి వేలితో మేత బటన్ నొక్కినవాడికి రక్షణ లేదు. మంచి అడాప్టర్, మూసిన డబ్బా, నీటి చుక్కలు ప్లగ్‌లోకి జారకుండా కిందికి వంపు తిప్పిన వైరు, కరెంటు పక్కదారి పడితే తెంపే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, ఈ నాలుగూ టైమర్ ఖర్చులోనే లెక్క కట్టాలి. ఎంసీబీ ఉంది కదా అనుకోవడం పొరపాటు. అది వైర్లను కాపాడుతుంది, మనిషిని కాదు.

కరెంటు పోయి వచ్చాక

తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు ప్రభుత్వం రైతులను ఒక పెట్టె తీసేయమని కోరింది. అది ఆటో స్టార్టర్. కరెంటు ఏ అర్ధరాత్రో వచ్చే రోజుల్లో చేనుకు పోకుండా మోటారు నడవడానికి రైతు పెట్టుకున్న ఉపాయం అది. కరెంటు రోజంతా ఉండేసరికి అదే పెట్టె బోరును ఆపకుండా నడిపి భూగర్భ జలాన్ని తోడేస్తుందని భయం పట్టుకుంది. పెట్టె మారలేదు, దాని చుట్టూ ఉన్న పరిస్థితి మారింది.

తొట్టి దగ్గరా అంతే. ఫిల్టర్‌కు, గాలి పంపుకు ‘కరెంటు వస్తే తిరుగు’ అన్నది సరైన అలవాటు. నీరు నింపే పంపుకు, డోసింగ్ పంపుకు ‘కరెంటు వస్తే ఆగి ఉండు’ అన్నదే సరైనది. నింపే పంపుకు ఫ్లోట్ స్విచ్‌తో పాటు రెండు నిమిషాలు దాటితే ఎలాగైనా ఆపే 555 ఒకటి పెడితే, ఫ్లోట్‌కు నత్త అడ్డుపడినా హాల్లో వరద రాదు. ఆగడంలోనూ ప్రమాదాలున్నాయి. తొట్టికంటే కింద పెట్టిన గాలి పంపు ఆగగానే గొట్టంలో నీరు వెనక్కి నడిచి పంపులోకీ, అక్కడి నుంచి స్విచ్ బోర్డులోకీ చేరగలదు. నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టాలి, లేదా పంపునే నీటి మట్టంకంటే పైన పెట్టాలి. కింద సంపు ఉన్న తొట్టిలో పైపు మూతి లోతుగా మునిగి ఉంటే పంపు ఆగిన ప్రతిసారీ నీరు సైఫన్ అయి కిందికి దిగుతుంది. టైమర్ రోజుకు నలభై ఎనిమిది సార్లు ఆపితే ఆ పరీక్ష నలభై ఎనిమిది సార్లు జరిగినట్టే.

కట్టిన సర్క్యూట్‌ను తొట్టికి తగిలించే ముందు చేయాల్సిన పరీక్షకు మీటరు కూడా అక్కర్లేదు. పంపు బదులు ఒక బల్బు పెట్టాలి. టైమర్ నడుస్తుండగా అడాప్టర్ పీకి చూడాలి, మళ్లీ గుచ్చి చూడాలి, ఆపైన పది సెకన్లకోసారి అయిదారు సార్లు పీకి గుచ్చాలి. ఫిల్టర్ కోసం కట్టినదైతే ప్రతిసారీ బల్బు వెలగాలి. నీరు నింపడానికి కట్టినదైతే ప్రతిసారీ ఆరి ఉండాలి. ఈ పరీక్షలో చిల్లరకు దొరికే 555 చాలాసార్లు నెగ్గుతుంది. ఫోన్‌లో గ్రాఫులు చూపించే బోర్డు, గంట ఎంతయిందో కనుక్కునే పనిలో పడి, బల్బును చీకట్లో వదిలేస్తుంది.